కింద గీయాల్సిన పైకప్పు

మా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్ళం నలుగురం. నాది ఫిజిక్సు. లక్ష్మీప్రసాద్ గారిది ఇంజనీరింగ్ డ్రాయింగు. మిగిలిన ఇద్దరూ ఏడాది తిరిగేసరికి మారిపోతుంటారు గనక వాళ్ళ పేర్లు చెప్పి లాభం లేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు అరకు దగ్గర కొండ మీద ఈ కాలేజీ తెరిచి పన్నెండేళ్ళయింది. ప్రసాద్ గారు వచ్చీ పన్నెండేళ్ళే. ఈలోగా భవనానికి రెండుసార్లు రంగు వేశారు గానీ ఆయన ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు.

మొదటి ఏడాదికి పాఠం చెప్పడమంటే ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. రెండో ఏడాదికల్లా పిల్లలు ఎవరి బ్రాంచికి వాళ్ళు వెళ్ళిపోతారు. అక్కడ ప్రాజెక్టులుంటాయి, గైడ్లుంటారు, గ్రూపు ఫోటోలుంటాయి. నాలుగో ఏడాది చివర వీడ్కోలు సభలో మాస్టార్లని ఒక్కొక్కరినీ స్టేజి మీదికి పిలిచి శాలువాలు కప్పుతారు. మమ్మల్ని పిలవరు. మా మీద కోపం ఉండి కాదు, మేము గుర్తుండం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మేము బోడి మల్లయ్యలం కూడా కాదు, ఆ రేవులో ఓడ ఒకటి ఉండేదన్న సంగతే వాళ్ళకి గుర్తుండదు.

నాకు దీనివల్ల పెద్ద బాధ లేదు. శనివారం మధ్యాహ్నం ఎస్.కోట బస్సెక్కితే నాకో ఇల్లుంది, అందులో నన్ను తిట్టేవాళ్ళూ నేను తిట్టేవాళ్ళూ ఉన్నారు. ప్రసాద్ గారికి ఎక్కాల్సిన బస్సు లేదు. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. సంబంధాలు చూసే రోజుల్లో, కొండ మీద కాంట్రాక్టు ఉద్యోగానికి పిల్లనెవరిస్తారన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. సంత వెనక ఒక మేడ మీద గదిలో ఉంటారు. ఆదివారం వైజాగు నుంచి టూరిస్టులు రైలు దిగి అరకంతా నిండిపోతే, ఆయన కాలేజీకి వచ్చి తాళం తీసుకుని ఖాళీ డ్రాయింగు హాలులో కూర్చుంటారు. బల్లలు వరసగా ఉన్నాయో లేదో చూస్తారు. పెన్సిళ్ళు చెక్కుతారు. ఒక్కడికి వండుకోవడం కంటే పస్తుండటం సులువు మేడమ్ అని ఒకసారి నవ్వుతూ అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు, పిల్లలు గుర్తుపట్టరని. సంతలో పాత విద్యార్థి ఎదురైతే చూసి కూడా చూడనట్టు పోయాడని సోమవారం ఉదయమే నాకు చెప్పేవారు. "మీరు వాళ్ళని గుర్తుపడతారేటి మాస్టారూ?" అని ఆటపట్టిస్తే పౌరుషం వచ్చేది. ఏ గీత ఎవరిదో పేరు చూడకుండా చెప్పగలనని పందెం కాసేవారు. అది నిజమే. పెన్సిలు ఎవరు నొక్కి పడతారో, ఎవరికి చెయ్యి వణుకుతుందో ఆయనకి తెలుసు. మనిషి ముఖం మాత్రం ఆయన సరిగా చూడగా నేనెన్నడూ చూడలేదు. తలొంచుకుని బోర్డు మీది షీటునే చూస్తారు.

డ్రాయింగులో మొదట నేర్పేది ఒక వస్తువుని రెండు వైపుల నుంచి చూసి గీయడం. ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ. మన దేశంలో రూలేమిటంటే ముందు నుంచి చూసింది కాగితంలో పైన గీయాలి, పై నుంచి చూసింది దాని కింద గీయాలి. వినడానికే తిరకాసుగా ఉంటుంది. కొండ కింది ఊళ్ళ పిల్లలు ఎందుకని అడగరు. పైకప్పుని కింద గీయమంటే కిందే గీస్తారు. వాళ్ళెప్పుడూ తమ ఇంటిని పై నుంచి చూసినవాళ్ళు కాదు గనక వాళ్ళకి ఇబ్బంది లేదు. ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో మాత్రం పైకప్పుని పైనే గీస్తారు. అప్పుడు ప్రసాద్ గారు ఆ షీటు పైకెత్తి అందరికీ చూపించి, "తుఫానొచ్చి ఈ ఇంటి కప్పు ఎగిరిపోయినట్టుందర్రా" అంటారు. క్లాసంతా గొల్లుమంటుంది. ఎర్ర పెన్సిలుతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. పక్క గదిలో పాఠం చెబుతూ గోడవతల నుంచి ఆ జోకు తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. పాపం, ఏడాదికి ఒక్కరోజు పిల్లలు తనతో కలిసి నవ్వుతున్నారని ఆయన సంబరం. నేనూ అలాగే అనుకున్నాను.

మొన్న నవంబరులో ఆ జోకు కిల్లో స్వర్ణ మీద పడింది. హుకుంపేట వైపు లోవగరువు అనే కొండ ఊరి పిల్ల. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, మా దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు. అయినా నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేది. జోకు పడిన మర్నాడు ఆ బెంచీ ఖాళీ. వారం తర్వాత కూడా ఖాళీ. కాఫీ పళ్ళు ఏరడానికి ఇంటికి వెళ్ళిందనీ, ఇక రానని సామాను కట్టుకుపోయిందనీ హాస్టలు పిల్లలు చెప్పారు.

ఏడాదికి పదిమంది అలా వెళ్ళిపోతూనే ఉంటారు. ఎవరూ వెనక్కి చూడరు. కానీ ఈ పిల్ల సంగతి నాకు మింగుడుపడలేదు. హాజరు పట్టీ తీసి లెక్క చూశాను. సోమవారం నుంచి క్లాసులో కూర్చోకపోతే సెమిస్టరు పోతుంది. సెమిస్టరు పోతే హాస్టలు సీటు పోతుంది. హాస్టలు పోయాక ఆ కొండల్లోంచి రోజూ ఎవరు పంపుతారు, చదువు పోయినట్టే. శుక్రవారం స్టాఫు గదిలో ప్రసాద్ గారి టిఫిను డబ్బా మూత తియ్యకముందే ఈ మాటలన్నీ ఆయన మొహాన కొట్టాను. మీ నవ్వులాటకి ఒక పిల్ల చదువు మానుకుందని కూడా అన్నాను. ఆయన డబ్బా మూత తియ్యలేదు. ఆ పిల్ల గీత చాలా శుభ్రమైన గీత మేడమ్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గీత కాదు మాస్టారూ, పిల్లని చూడండి అని లేచి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే ఆయన పెన్సిళ్ళు చెక్కడానికి వెళ్ళలేదు. జీపు స్టాండుకి వెళ్ళారు. పన్నెండేళ్ళలో ఆయన ఏ విద్యార్థి ఇంటికైనా వెళ్ళడం అదే మొదలు. అక్కడ జరిగిందంతా సోమవారం ఆయనే నాకు చెప్పారు.

స్టాండులో లోవగరువు వెళ్ళే సర్వీసు జీపు ఒకటే ఉంది. తోలేవాడు పాతికేళ్ళవాడు, పేరు భీముడు అని పక్కవాళ్ళు పిలుస్తుంటే తెలిసింది. ప్రసాద్ గారిని చూడగానే ముందు సీటు తువ్వాలుతో దులిపి, "కూకోండి డ్రాయింగు సార్" అన్నాడట. అరకులో అందరికీ అందరూ తెలుసు కదా అనుకున్నారు ఈయన. దారంతా మంచు. రెండు పక్కలా వలిసె నూనెగింజల చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. వెనక కూర్చున్నవాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటున్నారు. ఈయన అలవాటుగా తలొంచుకుని కూర్చున్నారు. భీముడు రెండు మూడుసార్లు ఈయన వైపు చూసి ఏదో అనబోయి మానుకున్నాడట. ఆ సంగతి ఆయనకి తర్వాత గుర్తొచ్చింది.

రోడ్డు ఊరికి పైన ఆగిపోతుంది. ఊరు కింద లోవలో ఉంటుంది. జీపు దిగి చూస్తే మొదట కనిపించేది పైకప్పులే. ముప్పై ఇళ్ళు, పెంకులవీ రేకులవీ, ఒక్కొక్క కప్పు నాలుగు అంచులూ నడికొప్పూ గీసి పెట్టినట్టు. గోడ ఒక్కటీ కనిపించదు. ప్రసాద్ గారు కదలకుండా నిలబడిపోయారు. పన్నెండేళ్ళుగా ఆయన సుద్దముక్కతో బోర్డు మీద గీసి, ఊహించుకోండర్రా అని బతిమాలిన బొమ్మ అది. ఈ ఊరి పిల్లలు పుట్టినప్పటి నుంచీ రోజూ దాన్ని చూస్తూ పెరిగారు.

భీముడు పక్కకొచ్చి నిలబడి, "తుఫానొస్తే తప్ప ఎగరవు సార్ మా ఊరి కప్పులు" అన్నాడు. వెనకటి తుఫాను సంగతి చెబుతున్నాడనుకుని ఈయన తలూపి కిందికి దిగారు. భీముడు టైరు చూసుకోవాలని పైనే ఉండిపోయాడు.

స్వర్ణ వాకిట్లో టార్పాలిను మీద కాఫీ పళ్ళు పరుస్తోంది. సార్ని చూసి లేచి నిలబడింది గానీ తల ఎత్తలేదు. వాళ్ళమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చి, అరుగు మీద కూర్చోమంది. క్లాసులో తప్ప మనుషులతో మాట్లాడటం ఆయనకి ఎప్పుడో తప్పిపోయింది. కాసేపు అంబలి తాగి, కప్పు పైనెందుకు గీశావమ్మా అని ఒక్క మాట అడిగారు.

"ఇంటి ముందు సూడాలంటే వాకిట్లో నిలబడాల సార్. కప్పు సూడాలంటే రోడ్డు మీదికెక్కాల. పైకెక్కి సూసింది పైన గీసినాను. కిందెలాగ గీత్తాను, కిందికి దిగితే కప్పు కనపడదు గదా."

మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదని అడిగారు. అందరూ నవ్వుతుంటే ఏటి సెప్పమంటారు సార్ అంది.

సోమవారం నాకు ఈ సంగతి చెబుతూ ప్రసాద్ గారు, "పన్నెండేళ్ళు కింద గియ్యండి, కింద గియ్యండి అన్నాను గానీ ఎందుకో ఒక్కరోజు కూడా చెప్పలేదు మేడమ్. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకూ రూలుగానే చెప్పారు మా మాస్టారు" అన్నారు.

స్వర్ణ ఆ మాట అన్నాక ఆయన అరుగు దిగి ఖాళీ బుట్ట ఒకటి తీసుకున్నారు. ఇంటి గోడకి దగ్గరగా, నేలకి కొంచెం ఎత్తులో పట్టుకున్నారు. ఇప్పుడు నా కన్ను సూర్యుడనుకో, పై నుంచి చూస్తున్నాను, బుట్ట నీడ ఎక్కడ పడుతుందని అడిగారు. నేల మీద అంది. ఎదురుగా నిలబడి దీపం పట్టుకుంటే నీడెక్కడ పడుతుందన్నారు. గోడ మీద అంది. మనం గీసేది చూసినవాడు నిలబడిన చోట కాదమ్మా, నీడ పడిన చోట అన్నారు. గోడనీ నేలనీ ఒక్క కాగితంలా పరిచేస్తే ఏది పైనుంటుంది, ఏది కిందుంటుంది? స్వర్ణ గోడని చూసింది, నేలని చూసింది. పుల్ల తీసుకుని మట్టిలో రెండు బొమ్మలూ గీసింది. పైన గోడ, కింద కప్పు. ఇంక ఆయన ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

చదువు సంగతికొస్తే తండ్రి సోమన్న మొండికేశాడు. పండు రాలిపోతోంది, ఇంకా రెండు రోజుల పనుంది, అయ్యాక చూద్దామన్నాడు. రెండు రోజులు ఆగితే సోమవారం దాటిపోతుంది. ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. ఒకరి తోటలో పని మిగిలిపోతే ఊరంతా ఓ పూట చెయ్యి వేస్తారు. కూలీ ఉండదు, తర్వాత వాళ్ళ పనికి వీళ్ళు వెళ్తారు. ప్రసాద్ గారికి ఆ పద్ధతి తెలియదు. తెలియకుండానే చొక్కా చేతులు మడిచి బుట్ట నడుముకి కట్టుకున్నారు. మాస్టారే దిగాక ఊరుకుంటారా, పక్కిళ్ళ వాళ్ళూ దిగారు. ఈయన పళ్ళతో పాటు ఆకులూ కాయలూ కూడా దూసేస్తుంటే ఆడవాళ్ళు నవ్వారట. ఆ నవ్వు మాత్రం నాకు బాధనిపించలేదు మేడమ్ అన్నారు. భీముడు కూడా పైనుంచి దిగి వచ్చి, పొద్దుగూకేదాకా ఈయన పక్క చెట్టు దగ్గరే ఏరాడు. చేతికందని కొమ్మలు వంచి పట్టుకున్నాడు.

సోమవారం తొమ్మిది గంటలకి మొదటి బెంచీ నిండింది.

ఆ ఏడు ప్రసాద్ గారు మిగతా పిల్లలకి కూడా ఆ పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. బుట్ట తెచ్చి, టార్చిలైటు తెచ్చి చెప్పారు. జోకు వెయ్యలేదు. గోడవతల నిశ్శబ్దంగా ఉంటే నాకే వింతగా ఉండేది. ఫలితాలు ఏప్రిల్లో వచ్చాయి. స్వర్ణకి డ్రాయింగులో ఎనభై ఒకటి. అవి వచ్చిన శుక్రవారం సాయంత్రం స్టాఫు గదికి వచ్చింది, మార్కులు చెప్పింది, ఇద్దరికీ దణ్ణం పెట్టింది. ప్రసాద్ గారు బాగా చదువుకో అని ఎప్పటిలా బల్ల వైపు చూస్తూ అన్నారు. ఇక ఈమె కూడా రెండో ఏడాదికి వెళ్ళి మర్చిపోతుందని ఆయన మనసులో ఉన్నది నాకు తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సార్, మా ఊరి భీముడన్న కూడా ఇక్కడే సదివినాడు. ఏడేళ్ళయింది. అన్న కూడా కప్పు పైనే గీసినాడంట. మీరు తుఫానొచ్చిందన్నారంట. మల్లీ కాలేజీకి రాలేదు."

ఎవరు భీముడని అడిగారు ప్రసాద్ గారు. అడిగేశాక ఆయనకి తెలిసింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

తనిఖీలవాళ్ళు వస్తారని పాత షీట్లన్నీ హాలు బీరువాలో మూటలు కట్టి ఉంచుతాం. ఆ సాయంత్రం ఆ మూటలన్నీ దింపించారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన పేర్లు చూడలేదు, బొమ్మలే చూశారు. పైకప్పు పైన ఉన్న షీట్లు వేరుగా పెడుతూ పోయారు. పన్నెండేళ్ళకి పంతొమ్మిది తేలాయి. అప్పుడు తిప్పి పేర్లు చదివాం. కొర్రా, పాంగి, గెమ్మెలి, వంతాల, కిల్లో. ఒక్క ఇంటిపేరు కూడా కింది ఊళ్ళది కాదు. అన్నిటి మీదా అదే ఎర్ర గీత, అదే సున్నా. వీళ్ళలో ఎంతమంది చదువు పూర్తి చేశారో చూద్దామని రిజిస్టరు తెరవబోతే ఆయన వద్దన్నారు. నాకూ తెరవాలనిపించలేదు. తొమ్మిదేళ్ళు గోడవతల నుంచి విన్నదాన్ని, నేను మాత్రం ఎవరిననగలను.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం నేను బస్సుకి బయల్దేరితే ఆయన కూడా నాతో వచ్చారు. చేతిలో చుట్టిన షీటు ఒకటుంది. ఎండ నడినెత్తిన ఉంది. స్టాండులో భీముడు జీపు అద్దం తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి తువ్వాలు భుజాన వేసుకుని ఏ ఊరెల్లాల సార్ అన్నాడు. ప్రసాద్ గారు షీటు విప్పి బానెట్టు మీద పరిచారు. పాంగి భీముడు, సెక్షన్ బి. భీముడు వంగి చూశాడు. ఎర్ర గీత మీద వేలు పెట్టి తీశాడు.

"గుర్తుపట్టలేదు భీముడూ" అన్నారు ప్రసాద్ గారు. తొమ్మిదేళ్ళలో ఆయన ఒకరి ముఖంలోకి చూసి మాట్లాడటం నేను చూసింది అప్పుడే. "రోజంతా నా పక్కనే ఉన్నావు, గుర్తుపట్టలేదు. తప్పు నీది కాదు. నీకు చెప్పాల్సింది చెప్పనేలేదు నేను."

"పైనించి సూసింది కిందెందుకెయ్యాలో నాకిప్పటికీ తెల్దు సార్" అన్నాడు భీముడు. కోపంగా అనలేదు. ఏడేళ్ళుగా అడగాలనుకున్నది అడిగినట్టు అన్నాడు.

ప్రసాద్ గారు జీపు కింద చూపించారు. ఎండ సరిగ్గా పైనుంచి పడుతోంది. జీపు నీడ దాని చక్రాల మధ్య నేల మీద నలుచదరంగా ఉంది. పైనుంచి ఎవడు చూసినా బొమ్మ పడేది అక్కడరా, అందుకే కింద గీస్తాం అన్నారు.

భీముడు కూర్చుని నీడ వైపు చూశాడు. లేచి షీటు వైపు చూశాడు. మళ్ళీ నీడ వైపు చూశాడు.

"ఇంతేనా సార్?" అన్నాడు.

ఇంతేనన్నారు ప్రసాద్ గారు.

లోవగరువు వెళ్ళేవాళ్ళు సంచులతో వచ్చి జీపు నింపేశారు. భీముడు షీటు జాగ్రత్తగా చుట్టి, ఉంచుకోవచ్చా అన్నట్టు చూసి, సీటు వెనక పెట్టుకుని బండి తీశాడు. జీపు కదిలాక నీడ కూడా దానితో వెళ్ళిపోయింది. ప్రసాద్ గారు ఖాళీ నేలని చూస్తూ ఎండలో నిలబడ్డారు. ఎస్.కోట బస్సు వచ్చి హారను కొట్టింది. ఆయన్ని అలా వదిలేసి ఎక్కడానికి నాకు మనసొప్పలేదు. ఇంటికి ఫోను చేసి, ఆలస్యమవుతుంది, తర్వాతి బస్సుకి వస్తానని చెప్పాను.